పైకి కనిపించే భక్తి, లోపలి విశ్వాసం: కన్ఫర్మేషన్ తరగతిలో వచ్చిన ప్రశ్న

కొల్లేటి తీరం

అందరికీ ప్రభువు నామమున వందనములు.

మా సంఘంలో ఈ సంవత్సరం కన్ఫర్మేషన్‌కు, అంటే చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవారు తమ విశ్వాసాన్ని సంఘం ఎదుట తామే ఒప్పుకునే ఆరాధనకు, సిద్ధపడుతున్న పిల్లలకు పాఠాలు చెప్పే బాధ్యతను పాస్టరు అయ్యగారు నాకు అప్పగించారు. విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన వరకు ఇబ్బంది లేకుండా సాగింది. ఆ తరువాత విశ్వాసం అంటే ఏమిటో వివరిస్తుండగా పదవ తరగతి చదివే ఒక అమ్మాయి లేచి రెండు ప్రశ్నలు వేసింది. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు నలభైనీ ఒంటిపూట భోజనంతో గడిపి, తెల్లచీర కట్టుకొని, శుక్రవారపు ఉపవాస ప్రార్థన ఒక్కటి కూడా తప్పనివాళ్ళే ఇంట్లో పనిచేసే ఆవిడకు గ్లాసు విడిగా పెడితే, వాళ్ళది విశ్వాసమేనా అన్నది మొదటిది. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు తప్ప గుడి మెట్లెక్కని తన మేనమామ ఆసుపత్రి ఖర్చులకు ఎవరు చేయి చాచినా కాదనడు, మరి ఆయనకు విశ్వాసం లేనట్టేనా అన్నది రెండోది.

పైకి భక్తిగలవారివలె ఉంటూ దాని శక్తిని ఆశ్రయించనివారిని గురించి పౌలు తిమోతికి రాసిన మాట చెప్పాను. ఆ శక్తి ఉన్నదో లేదో ఎట్లా తెలుస్తుందని ఆ అమ్మాయి వెంటనే అడిగింది. వచ్చే వారం చెబుతానన్నాను.

పైభక్తికి విలువ లేదని చెబితే, అసలే ఆదివారం పొద్దున నిద్ర లేవడానికి బద్ధకించే ఈ వయసు పిల్లలు ఆ ఒక్క మాట పట్టుకొని గుడి మానేస్తారు. విలువ ఉన్నదని చెబితే విడి గ్లాసు సంగతి ఏమిటని అడుగుతారు, అడగాలి కూడా. వాక్యంలో గానీ సంఘ చరిత్రలో గానీ ఈ తేడాను తేటగా చూపించే ఉదాహరణలు ఉంటే పెద్దలు కొంచెం వివరంగా రాయగలరని మనవి. వేషధారులను ఎండగట్టే ప్రసంగాలు నాకు చాలా దొరికాయి గానీ అవి ఇక్కడ పనికి రావడం లేదు, ఎందుకంటే ఆ అమ్మాయి చెప్పినవాళ్ళు వేషం వేస్తున్నారని నేను అనుకోవడం లేదు. వాళ్ళు నిజంగానే ఉపవాసం ఉంటారు, నిజంగానే కన్నీళ్ళతో ప్రార్థిస్తారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు

సహోదరి గారికి వందనములు. మీ చివరి మాటల్లోనే అసలు విషయం ఉన్నది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పైకి కనిపించే భక్తి అనగానే మన ప్రసంగీకులు వేషధారణను నాలుగు మాటలు అని ముగిస్తారు. వేషం వేసేవాడికి తాను వేస్తున్నట్టు తెలుసు కాబట్టి అది ఒక రకంగా తేలికైన సమస్యే. చిత్తశుద్ధితో చేసే భక్తి కూడా విశ్వాసం కాకుండా మిగిలిపోవచ్చునన్నది అంతకంటే కష్టమైన సంగతి, దానిని మనం పిల్లలకే కాదు, పెద్దలకు కూడా చెప్పడం లేదు.

లూకా 18వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలోని పరిసయ్యుణ్ణి, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గంవాణ్ణి, తీసుకోండి. ధర్మశాస్త్రం ప్రకారం అందరూ తప్పక పాటించవలసిన ఉపవాసం సంవత్సరానికి ఒక్కరోజు, ప్రాయశ్చిత్తార్థ దినాన మాత్రమే. అతడు వారానికి రెండుసార్లు ఉంటున్నాడు, సంపాదన అంతటిలో పదియవ వంతు ఇస్తున్నాడు. అతడు అబద్ధమాడుతున్నాడని యేసు ఎక్కడా అనలేదు. పైగా ఆ గొప్పను అతడు పూర్తిగా తన ఖాతాలో వేసుకోలేదు, దేవునికి కృతజ్ఞతలు చెబుతూనే మొదలుపెట్టాడు. అయినా ఆ ప్రార్థన మొత్తంలో దేవుణ్ణి అడిగినది ఏమీ లేదు. ఒక కన్ను తన లెక్కల మీద ఉన్నది, ఇంకొక కన్ను దూరంగా నిలబడిన సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడి, మీద ఉన్నది. చూపించుకోవడానికి ఏమీ లేని సుంకరి అడిగాడు, నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్ళాడు.

ఇక్కడ మీ విద్యార్థినికి ఒక హెచ్చరిక కూడా అవసరం. తెల్లచీర కట్టుకున్న ఆవిడను చూసి, నేను ఆమెవంటి దానిని కానందుకు స్తోత్రమని మనసులో అనుకున్నామంటే, మనం ఎవరి పక్కన నిలబడినట్టో వేరే చెప్పనక్కరలేదు.

అలాగని ఉపవాసానికి విలువ లేదని చెప్పకండి. కొండమీది ప్రసంగంలో ధర్మం చేయడాన్నీ, ప్రార్థననూ, ఉపవాసాన్నీ మూడింటినీ ప్రభువు ఉంచాడు, చూసి మెచ్చుకునేవాళ్ళను మాత్రం తీసివేశాడు. కైసరయలో ఇటలీ పటాలపు శతాధిపతి కొర్నేలీ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఎల్లప్పుడూ ప్రార్థించేవాడు, ప్రజలకు బహుగా ధర్మం చేసేవాడు, యూదుడు కాని అన్యుడు. అతని ప్రార్థనలూ ధర్మకార్యాలూ దేవుని సన్నిధికి జ్ఞాపకార్థంగా చేరాయని దూత చెప్పాడు. చెప్పి, యొప్పేకు మనుషులను పంపి పేతురును పిలిపించమన్నాడు. అతని భక్తి వృథా పోలేదు, అలాగని అది సరిపోలేదు కూడా. ఈ రెండు మాటలూ అపొస్తలుల కార్యముల 10వ అధ్యాయంలోనే ఉన్నాయి, ఒకటి చెప్పి ఇంకొకటి వదిలేస్తే పాఠం చెడుతుంది.

చరిత్రలో నుంచి అడిగారు గనుక జాన్ వెస్లీ (1703–1791) పేరు చెబుతాను. 1725లో డీకనుగా, 1728లో గురువుగా అభిషేకం పొంది, ఆక్స్‌ఫర్డ్‌లోని లింకన్ కళాశాలలో ఫెలోగా ఉంటూ, తమ్ముడు చార్లెస్‌తోనూ కొందరు మిత్రులతోనూ కలిసి బుధ, శుక్రవారాలు ఉపవాసముండి, చెరసాలలోని ఖైదీలను దర్శించి, బీదలకు పంచిపెట్టి, తన ప్రతి గంటనూ తానే లెక్క చూసుకున్న మనిషి ఆయన. తోటి విద్యార్థులు ఆ గుంపును ‘పరిశుద్ధుల క్లబ్బు’ అని వెక్కిరించారు. అంతటి భక్తి చాలక 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా ఓడ ఎక్కాడు. 1736 జనవరిలో నడిసముద్రంలో తుపాను వచ్చి పెద్ద తెరచాప చిరిగి, ఓడలోకి నీళ్ళు దూకినప్పుడు ఇంగ్లీషువాళ్ళు కేకలు పెడుతుంటే జర్మనీ నుంచి వస్తున్న మొరేవియను అనే ప్రొటెస్టెంటు శాఖ విశ్వాసులు తాము పాడుతున్న కీర్తనను ఆపకుండా పాడారు. మీకు భయం వేయలేదా అని తరువాత వెస్లీ వాళ్ళలో ఒకరిని అడిగాడు. లేదన్నాడతను. ఆడవాళ్ళకూ పిల్లలకూ? వాళ్ళకూ చావంటే భయం లేదన్నాడు. జార్జియా చేరిన తరువాత మొరేవియను పెద్ద స్పాంగెన్‌బర్గ్, నీకు యేసుక్రీస్తు తెలుసా అని వెస్లీనే అడిగాడు. ఆయన లోకరక్షకుడని తెలుసునన్నాడు వెస్లీ. అది సరే, నిన్ను రక్షించాడని తెలుసా అన్నాడు స్పాంగెన్‌బర్గ్. నన్ను రక్షించడానికే చనిపోయాడని ఆశిస్తున్నానని ఏదో సమాధానం చెప్పి బయటపడి, తన మాటలు వట్టివేనేమోనని దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. రెండేళ్ళకు తిరుగు ప్రయాణంలో, అమెరికా ఆదివాసులైన ఇండియన్లను మార్చడానికి వెళ్ళాను గానీ నన్ను మార్చేవారెవరని రాసుకున్నాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటంలో, రోమీయులకు పౌలు రాసిన పత్రికకు సంస్కర్త లూథరు రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా, క్రీస్తు తన పాపాలను, తనవే, తీసివేశాడన్న నిశ్చయం కలిగిందని ఆయన సాక్ష్యం.

మూడేళ్ళ తరువాత, 1741 జూలై 25న, ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీ చర్చిలో పౌలు మాటలకు దాదాపు క్రైస్తవుణ్ణి అయ్యేట్టున్నానన్న అగ్రిప్ప రాజు మాటలను పాఠంగా తీసుకొని ‘దాదాపు క్రైస్తవుడు’ అనే ప్రసంగం చేశాడు. ఆ దాదాపు క్రైస్తవుడి లక్షణాలలో నీతిగా బతకడమూ, సంస్కారాలకు తప్పక హాజరు కావడమూ మాత్రమే కాక, చిత్తశుద్ధిని కూడా చేర్చాడు. తాను ఎన్నో ఏళ్ళు అంతవరకే వచ్చి ఆగానని అందరి ముందూ చెప్పుకున్నాడు. మీ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ఒక్క సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. వయసు మళ్ళిన తరువాత తన దినచర్యను మళ్ళీ అచ్చు వేయించినప్పుడు, ఆ రోజుల్లో తనకు దేవుణ్ణి తండ్రిగా ఎరిగిన కుమారుని విశ్వాసం లేకపోయినా, భయభక్తులతో సేవించే దాసుని విశ్వాసం ఉండేదని వెస్లీ అడుగున ఒక సవరణ చేర్చాడు. ఈ సవరణను ప్రసంగాల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెబితే ఆల్డర్స్‌గేట్ కథ కొంచెం పలచబడుతుంది కాబోలు.

గుండ్లకమ్మ ఒడ్డు

మాస్టారు రాసినది బాగున్నది గానీ అది ఒక మనిషి హృదయంలో జరిగిన కథ. మన తెలుగు సంఘాలలో చాలాభాగం గూడేలకు గూడేలుగా వచ్చినవి. మా ఒంగోలు ప్రాంతపు సంగతి చెబితే ఈ ప్రశ్నకు ఇంకొక వైపు కనిపిస్తుందని రాస్తున్నాను.

1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. ఆ కూలి చేస్తున్నవాళ్ళే చాలామంది బాప్తిస్మం అడిగారు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. పనులు ముగిసి, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి ఇచ్చినవారు మన తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని ఇచ్చారు.

ఇక నేను చెప్పదలచినది. ఆ మాదిగ కుటుంబాల నుంచి సంఘం ప్రధానంగా కోరినవి ఆదివారం పని చేయకపోవడం, చచ్చిన గొడ్డు మాంసం మానడం, విగ్రహాలకు మొక్కకపోవడం. మూడూ పైకి కనిపించేవే! హృదయాన్ని పరీక్షించే ప్రశ్నలు అడిగి, వెస్లీకి వచ్చినటువంటి నిశ్చయం వచ్చిందా అని తేల్చుకొని చేర్చుకోలేదు. అయినా అవి చిన్న గుర్తులు కావు. జాతరలో డప్పు కొట్టనన్నవాడికి ఊళ్ళో కూలి పోయేది, కొన్నిచోట్ల నీళ్ళు కూడా పుట్టకుండా చేసేవారు. చదువు రాని ఒక మనిషి ఊరి పెద్దల ఎదుట నిలబడి డప్పు కొట్టనని చెప్పాడంటే, అతని లోపల ఏదో ఉన్నట్టే నేను లెక్క వేస్తాను. ఇవాళ అదే గుడిలో తెల్లచీరకు గౌరవం వస్తుంది, నలుగురిలో ప్రార్థించే వంతు వస్తుంది, కొన్ని సంఘాలలో పెద్దరికం కూడా వస్తుంది. బయటికి కనిపించే పనికి ఎదురు ఏమి ముడుతున్నదో చూడమని పిల్లలకు చెప్పవచ్చు. నష్టం తెచ్చే గుర్తు, లాభం తెచ్చే గుర్తు ఒకటి కావు.

ఇది కూడా పూర్తి కొలత కాదని నాకు తెలుసు, ఎందుకంటే నష్టపోయి కూడా ప్రేమ లేకుండా ఉండవచ్చు. తరువాతి కాలంలో దోర్నకల్ బిషపు అయిన అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఈ మాటనే మిషనరీల ముఖం మీద చెప్పారు. మీరు బీదల పోషణకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఇల్లూ వాకిలీ వదిలి సముద్రాలు దాటి, ఇక్కడి జ్వరాలకు బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళతో ఆయన ఆ మాట అన్నారని గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళ త్యాగాన్ని ఆయన తక్కువ చేయలేదు. ఇక్కడి సహోదరులను తమతో ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టుకోలేని త్యాగం గురించి మాట్లాడారు. ఆయన తెలుగువారు కారు, తిరునల్వేలి నుంచి వచ్చి మన భాష నేర్చుకొని 1912లో బిషపు అయ్యారు.

అక్కడి నుంచి విడి గ్లాసుకు ఎంతో దూరం లేదు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు రాసిన చోటును మనమందరం కంఠతా చెబుతాము, కానీ ఆ పత్రిక 2వ అధ్యాయం ఎక్కడ మొదలవుతుందో చూడండి. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మురికి బట్టలతో వచ్చిన బీదవాణ్ణి కాళ్ళ దగ్గర కూర్చోమన్న సంఘాన్ని మందలించడంతో మొదలవుతుంది. విశ్వాసం ఉన్నదా లేదా అన్న చర్చకు యాకోబు ఎంచుకున్న మొదటి సాక్ష్యం, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారన్నదే. మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని సంఘాలు వేరు, సంబంధాలు వేరు, చివరికి కొన్ని ఊళ్ళల్లో సమాధుల తోటలు కూడా వేరుగా ఉన్న మనము ఈ అధ్యాయాన్ని 14వ వచనం నుంచి చదవడం మొదలుపెడతాం.

మునిపల్లె దగ్గరివాడు

పెద్దలు క్షమించాలి. ఉపవాసం, తెల్లచీర, బాప్తిస్మం, సభ్యత్వం వంటివాటిని ఉంచుకుంటూ వాటికి లోపల విశ్వాసం ఉన్నదో లేదో వెతికే కంటే, వాటినే పక్కన పెడితే సమస్య ఉండదు గదా. మా గుంటూరు జిల్లా మునిపల్లెకు చెందిన కె. సుబ్బారావు గారు హిందూ కుటుంబంలో పుట్టిన ప్రధానోపాధ్యాయులు. 1942లో తనకు క్రీస్తు దర్శనమిచ్చాడని చెప్పి, యేసు నామంలో రోగుల కోసం ప్రార్థిస్తూ వేలమందిని ఆకర్షించారు. బాప్తిస్మాన్నీ, సంఘ వ్యవస్థనూ, పాదిరీలనూ ఎంత గట్టిగా తోసిపుచ్చారో ఆయన పాటలు చూసినవారికి తెలుసు. క్రీస్తు వేరు, క్రైస్తవ మతం వేరు అన్నది ఆయన వాదం. ఆ అమ్మాయి మేనమామ కూడా ఆ దారిలోనే ఉన్నాడేమో. ఆయనను గుడికి రాని మనిషిగా ఎందుకు లెక్క వేయాలి?

కొల్లేటి తీరం

అందరికీ కృతజ్ఞతలు. యాకోబు పత్రిక 2వ అధ్యాయాన్ని 1వ వచనం నుంచి చదవమన్న సూచనను ఈ వారమే పాటిస్తాను. అయితే ఒక చిక్కు మిగిలింది. గుండ్లకమ్మ గారు రాసిన దాని ప్రకారం చివరికి క్రియలే కొలత అయితే, మీరు కృపచేతనే రక్షింపబడియున్నారు, క్రియలవలన కలిగినది కాదు అని మేము బాల్యం నుంచి నేర్చుకున్నది ఏమవుతుంది? క్రియలే కొలత అని ఒప్పుకుంటే మేనమామ గారు ముందు, మేమందరం వెనుక!

నిశ్శబ్ద పాఠకురాలు

వందనములు. ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఈసారి రాయాలనిపించింది.

ఎఫెసీ 2వ అధ్యాయాన్ని మనం ఎప్పుడూ 9వ వచనం దగ్గర ఆపేస్తాము. 10వ వచనంలో, సత్‌క్రియలు చేయడానికే క్రీస్తుయేసునందు సృష్టించబడ్డామని ఉన్నది. క్రియలు రక్షణకు కారణం కావు, రక్షణ కలిగినచోట అవి లేకుండా ఉండవు. గలతీ పత్రికలో పౌలు దీనినే ప్రేమవలన పనిచేసే విశ్వాసమని ఒక్క మాటలో చెప్పాడు. సున్నతి పొందడమూ ప్రయోజనం కాదు, పొందకపోవడమూ ప్రయోజనం కాదు అన్న తరువాత చెప్పిన మాట అది కాబట్టి, మునిపల్లె సోదరులు కూడా దానిని గమనించాలి. ఆచారం పాటించడం ఒక బిరుదు అయినట్టే, పాటించకపోవడం కూడా బిరుదు అయిపోతుంది. గుడికి వెళ్ళనని గర్వంగా చెప్పుకునే నిజమైన విశ్వాసులను నేను మా నగరంలో చాలామందిని చూస్తున్నాను.

మాస్టారు ఉపవాసం గురించి చెప్పారు గానీ, మన కూటాలలో ఇప్పుడు ఉపవాసం కంటే ఆవేశం పెద్ద గుర్తు అయిపోయింది. ఏడవడం, వణకడం, పడిపోవడం, గంటల తరబడి స్తుతించడం చూసి ఫలానావారికి ఆత్మానుభవం ఉన్నదంటున్నాము. ఇరవై ఒక్కరోజుల ఉపవాస ప్రార్థన ప్రకటనలో వీసా, ఉద్యోగం, సంతానం అని వరుసగా రాసి ఉంటుంది, పాపక్షమాపణ ఎక్కడో చివరికి దొరికితే దొరుకుతుంది. ఈ ఆవేశాల విషయంలో జోనాథన్ ఎడ్వర్డ్స్ చేసినంత ఓపికైన పరిశీలన నేను ఇంకెక్కడా చదవలేదు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ సంఘానికి కాపరిగా 1734–35లోనూ, మళ్ళీ 1740 తరువాతనూ పెద్ద ఉజ్జీవాలను, అంటే సంఘాలలో భక్తి ఒక్కసారిగా పొంగిన కాలాలను, దగ్గర నుంచి చూసి, అందులో ఎంత నిలిచిందో, ఎంత చల్లారిందో కూడా చూసిన తరువాత 1746లో ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. అందులో ముందు, దేనిని బట్టీ నిశ్చయంగా చెప్పలేమో పన్నెండు సంగతులు చెప్పాడు. ఆవేశం ఎక్కువగా ఉండడం, శరీరం మీద ప్రభావం కనిపించడం, దేవుని సంగతులు ధారాళంగా మాట్లాడడం, వాక్యాలు వాటంతటవే మనసులోకి రావడం, ఆరాధనలో ఎక్కువ కాలం గడపడం, తోటి విశ్వాసులు మెచ్చుకోవడం అన్నీ ఆ జాబితాలోవే. ఇవి ఉంటే విశ్వాసం లేదనడు, ఉన్నదనీ అనడు. వీటితో తేలదు అంటాడు, అంతే. ఆ తరువాత నిజమైనదానికి చెప్పిన పన్నెండు గుర్తులలో చివరిదీ, ఆయన అన్నింటికంటే ఎక్కువ పేజీలు ఇచ్చినదీ, మనిషి జీవితకాలమంతా విడవకుండా చేసే ఆచరణ. ఒక ఉదయం చేసినది కాదు, శోధన వచ్చినప్పుడు కూడా కొనసాగినది.

ఇంత చక్కగా కొలత చెప్పిన మనిషి బానిసలను ఉంచుకున్నాడు. 1731లో న్యూపోర్టుకు వెళ్ళి ఒక నల్లజాతి బాలికను కొని తెచ్చుకున్నాడు. బానిసల వ్యాపారాన్ని తప్పుపట్టాడు గానీ బానిసలను ఉంచుకోవడాన్ని సమర్థించాడు. ఈ సంగతి తెలిసినప్పుడు ఆ పుస్తకాన్ని అవతల పారేయాలనిపించింది. కానీ పారేస్తే మిగిలేది ఏమిటి? ఆయన విశ్వాసం దొంగదని తీర్పు చెప్పే పని నాది కాదు గానీ, ఆయన కట్టిన కొలబద్ద ఆయన ఇంటి గుమ్మం లోపలికి పోలేదని చెప్పగలను. గ్లాసు విడిగా పెట్టే ఆవిడది కూడా అదే స్థితి కావచ్చు. ఆమె ప్రార్థన అంతా అబద్ధం కానక్కరలేదు. ఆ ప్రార్థన వంటగదిలోకి ఇంకా రాలేదు, ఎవరో ఆమెకు చెప్పాలి.

మేనమామ గారి గురించి. ఆయన మంచితనాన్ని చూసి దానికి మనమే విశ్వాసమని పేరు పెట్టడం ఆయనకు కూడా మర్యాద కాదు. క్రైస్తవ విశ్వాసం అంటే ఒక వ్యక్తి మీద ఆనుకోవడం, ఆయన ఎవరి మీద ఆనుకుంటున్నాడో ఆయన చెబితేనే తెలుస్తుంది. అందుకని అడగాలి. అడిగితే, గుడిలో ఎప్పుడో జరిగిన ఒక అవమానం బయటికి వచ్చినా ఆశ్చర్యం లేదు. మన రాష్ట్రాలలో ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఇచ్చి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు లేదు. అందువల్ల కాగితం మీద ఒక మతం, ఇంట్లో మోకాళ్ళ ప్రార్థన ఇంకొకటిగా బతికే కుటుంబాలు మన పక్కనే ఎన్నో ఉన్నాయి. అది సరైనదా కాదా అన్నది వేరే చర్చ. పైకి ఏమీ కనిపించనంత మాత్రాన లోపల ఏమీ లేదని అనుకునేవారికి మాత్రం ఈ కుటుంబాలను చూపించవచ్చు.

విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, చాలా బాగా రాశారు. ఎడ్వర్డ్స్ విషయంలో నాకు తెలియని సంగతి తెలిసింది.

మునిపల్లె సోదరునికి ఒక్క మాట. సుబ్బారావు గారి తీవ్రతను నేను గౌరవిస్తాను, మన సంఘాల స్థితి చూస్తే ఆ కోపానికి కారణాలు లేకపోలేదు. అయితే కొర్నేలీ ఇంట్లో పరిశుద్ధాత్మ దిగిన తరువాత పేతురు చేసిన మొదటి పని, వీరు బాప్తిస్మం పొందకుండా నీళ్ళకు ఆటంకం చేయగలవారెవరని అడగడం. లోపలిది వచ్చేసింది కాబట్టి బయటిది అక్కరలేదని ఆయన అనలేదు. ఆ తరువాత వాళ్ళు పేతురును కొన్ని దినాలు తమ దగ్గర ఉండమన్నారు. యెరూషలేములో ఆయన మీద వచ్చిన ఫిర్యాదు కూడా బాప్తిస్మం గురించి కాదు, సున్నతి లేనివారి ఇంటికి వెళ్ళి వాళ్ళతో కలిసి భోంచేశాడని. గుండ్లకమ్మ గారు అజరయ్య గారి గురించి రాసిన దానికి దీనికి ఉన్న సంబంధం పిల్లలే పట్టుకుంటారు.

సహోదరి గారూ, లూకా 18తో పాటు అపొస్తలుల కార్యములు 10, 11 అధ్యాయాలను ఆపకుండా ఒకేసారి చదివించండి. కొంచెం పొడుగే గానీ కథ కాబట్టి పిల్లలు వింటారు.

కొల్లేటి తీరం

తప్పక చదివిస్తాను. రెండు వారాలుగా సర్దుకుంటాను, మొదటి వారం లూకా 18, కొర్నేలీ. రెండో వారం యాకోబు 2, ఒంగోలు సంగతి. వెస్లీ కథను ఆ సవరణతో సహా చెబుతాను. ఇంకొక్క ప్రశ్న అడిగి ముగిస్తాను. ఆ విడి గ్లాసు ఎవరి ఇంట్లోదో నాకు తెలుసు, వాళ్ళు మా సంఘ పెద్దలలో ఒకరి కుటుంబం. తరగతిలో యాకోబు పత్రిక చెప్పేటప్పుడు ఆ ఉదాహరణను వాడవచ్చునా?

గుండ్లకమ్మ ఒడ్డు

వాడకండి. పేరు చెప్పకపోయినా అంత చిన్న సంఘంలో పిల్లలకు ఆ ఇల్లు ఏదో సాయంత్రానికి తెలిసిపోతుంది, ఆ ఇంటి పిల్లలు కూడా మీ తరగతిలోనే ఉండవచ్చు. మత్తయి 18లో చెప్పినట్టు ముందు మీరొక్కరే వెళ్ళి ఆవిడతో ఏకాంతంగా మాట్లాడండి. వెళ్ళేటప్పుడు వాక్యాలు పట్టుకొని పోకండి, ఆవిడకు మనకంటే ఎక్కువ వాక్యాలు వచ్చి ఉంటాయి. ఇంట్లో పనిచేసే ఆవిడ పేరేమిటో, ఎక్కడి నుంచి వస్తుందో, పిల్లలు ఏమి చదువుతున్నారో అడిగి చూడండి. ఆ తరువాత గ్లాసు సంగతి ఎత్తవచ్చు. తరగతిలో మాత్రం, పిల్లల ఇళ్ళల్లో పనిచేసేవారికి కాఫీ ఎందులో ఇస్తారో ఎవరింటి సంగతి వాళ్ళే చూసి రమ్మనండి, వచ్చి చెప్పమని అడగవద్దు.